ఎర్రబోడు తలుపు

ఒంటిమిట్ట దాటి కొండల వైపు తిరిగితే ఎర్రబోడు అనే గుట్ట ఒకటి ఉంది. చెట్టూ చేమా లేని గుట్ట. దాని నెత్తిన ఒక సెల్ టవర్, టవర్ కింద యంత్రాలుండే చిన్న గది, పక్కన జనరేటర్, కావలివాడి గుడిసె. అంతే. అక్కడ ఎవరూ ఎవరినీ నరకలేదు, ఎవరూ ఉరి వేసుకోలేదు. అయినా 2007 ఎండాకాలం నాటికి, మా టవర్ల కంపెనీలో రాత్రి డ్యూటీ చేసేవాళ్ళలో ఎర్రబోడు పేరెత్తితే మాట మార్చని మగవాడు లేడు.

కారణం... ఆ గది తలుపు.

తలుపుకు ఒక చిన్న అయస్కాంతం ఉండేది, చట్రానికి దాని జత. రెండూ విడిపోతే చాలు, హైదరాబాదులో ఉన్న కంప్యూటర్‌కు తెలిసిపోతుంది. అది ఆ రాత్రి డ్యూటీ ఎవరిదైతే వాడి ఫోన్‌కు మెసేజ్ కొడుతుంది — "ఎర్రబోడు, డోర్ ఓపెన్". మనం "చూశాను" అని తిరుగు మెసేజ్ పంపి, బండి తీసి పోవాలి. పంపకపోతే అదే మెసేజ్ మా పైఅధికారి రామకృష్ణ సార్ ఫోన్‌కు పోతుంది. ఆ కంప్యూటర్‌కు నిద్రా లేదు, దయా లేదు.

ఎర్రబోడు నుంచి ఆ మెసేజ్ వారంలో రెండు మూడు రాత్రులు వచ్చేది. కాసేపటికి "డోర్ క్లోజ్డ్" అని ఇంకొకటి. డీజిల్ దొంగలేమోనని ఆదరాబాదరా పోతే — వేసిన తాళం వేసినట్టే. బ్యాటరీలు ఉన్నవి ఉన్నట్టే. కావలి లేవిని లేపి అడిగితే "నేను జూడలేదు సార్" అనేవాడు. కానీ తలుపు తీస్తే లోపల... తమలపాకు వాసన. ఎవరో ఇప్పుడే నమిలి లేచిపోయినట్టు.

మా బసవన్న ఒక రాత్రి గుట్ట మలుపులోంచి చూశాడు. తలుపులో తెల్లచీర. బండి లైటు పడగానే లేదు! మర్నాటి నుంచి వాడికి జ్వరం. అప్పటి నుంచీ మేమంతా ఒక ఒప్పందానికొచ్చాం — ఎర్రబోడు తలుపు మెసేజ్ వస్తే "చూశాను" అని కొట్టి ముసుగు తన్నడమే. దెయ్యమైనా డీజిల్ ముట్టడం లేదు కదా, మనకెందుకని.

ఇక ఈ కథ జ్ఞానేశ్వర్‌ది. ప్రొద్దుటూరులో బట్టల కొట్టున్న ఇంటి పిల్లవాడు. పిరికివాడు అనను గానీ, పగలు కూడా శ్మశానం పక్కనుంచి పోయేటప్పుడు హారన్ కొట్టే రకం. వాడు నాకు చెప్పినది చెప్పినట్టు చెబుతున్నాను. అంతకు ముందు నెలలో ఒక రాత్రి మెసేజ్ చూసుకోక నిద్రపోయాడు. ఇంకొకటి తప్పితే ఇంటికే అని రామకృష్ణ సార్ తేల్చి చెప్పాడు. ఇంట్లో నాన్న అంతకన్నా గట్టివాడు. "ఉద్యోగం ఊడిన రోజు చెప్పు నాయనా, కొట్లో గద్దె దులిపి పెడతా" అన్నాడట. ఆ గద్దె ఎక్కడం వాడికి చావుతో సమానం.

మే నెల. రాత్రయినా బండరాళ్ళ వేడి దిగని రోజులు. పొద్దు గూకే వేళ జ్ఞానేశ్వర్ ఫోన్‌కు మామూలు మెసేజ్ వచ్చింది — డోర్ ఓపెన్, ఆ వెంటనే క్లోజ్డ్. "మన తెల్లచీర ముసలమ్మ ఈ రోజు పెందలాడే వచ్చిందన్నా" అని నాకు ఫోన్ చేసి నవ్వాడు.

బాగా రాత్రయ్యాక ఫోన్ మళ్ళీ మోగింది.

"ఎర్రబోడు, టెంపరేచర్ లో."

ఎండలకు గదులు వేడెక్కి "హై" అని రావడం మాకు అలవాటే. "లో" అని రావడం మా సర్వీసులో ఎవరూ చూడలేదు. కడప జిల్లాలో, మే నెలలో... చలి! దెయ్యం కూర్చున్న చోట చలి పుడుతుందని మా అవ్వ చెప్పేది. ఆ మాట నేను వాడితో అనలేదు. వాడే అన్నాడు.

"నువ్వు కూడా రాకూడదా అన్నా?"

"నీ వంతు కదప్పా" అన్నాను నేను. స్నేహం స్నేహమే, వంతు వంతే.

తలుపు మెసేజ్ అయితే ముసుగు తన్నొచ్చు. ఇది యంత్రాలకు సంబంధించినది, పోక తప్పదు. వాడు బండి తీశాడు.

గుట్ట ఎక్కేసరికి గుడిసెలో దీపం లేదు. "లేవన్నా..." అని పిలిచాడు. పలుకు లేదు. జనరేటర్ మోత తప్ప ఇంకేమీ వినపడలేదు. గదికి తాళం వేసే ఉంది. దగ్గరికి పోయి ఇనుప తలుపు మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేశాడు. తలుపు మంచుగడ్డలా ఉంది.

తన దగ్గరున్న తాళంచెవితో తీశాడు. జేబులో ఫోన్ మోగింది — డోర్ ఓపెన్. తాను తీసిన తలుపుకే తానే ఉలిక్కిపడ్డాడు.

లోపల బల్బు వెలగడం లేదు. యంత్రాల మీది చిన్న చిన్న పచ్చ లైట్లు మాత్రం ఆరుతూ వెలుగుతున్నాయి. చలిగాలి మొహాన కొట్టింది. దానితో పాటే... తమలపాకు వాసన.

పచ్చ లైటు వెలిగింది. కింద చాప. ఆరింది. మళ్ళీ వెలిగింది. చాప మీద తెల్లబట్ట. ఆ బట్ట కొసన — రెండు పాదాలు. బొటనవేళ్ళు కలిపి కట్టి ఉన్నాయి.

ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడే వెనక నుంచి, భుజం మీద... ఒక చెయ్యి.

"తలుపు మూయండి సార్" అని గుసగుసగా అన్నారెవరో. "చల్లదనం పోతాది."

లేవి! ముసలాయన కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

జ్ఞానేశ్వర్ తలుపు ఓరగా మూశాడు. "ఎవరు లేవన్నా అది?" అని అడిగాడు.

"నా ఇల్లాలు సార్. సువార్తమ్మ. ఈ పొద్దు తెల్లారుజామున పోయింది."

"ఈడెందుకు పెట్టినావు?"

"పాప కువైట్‌లో ఉండాది సార్, కృపమణి. ఇంటిపనికి పోయి ఆరేండ్లాయ. యజమాని ఒక్కసారన్నా పంపీలేదు. అమ్మ పోయిందని కాళ్ళావేళ్ళా పడితే ఈ పొద్దు పంపిస్తాండాడు. రేపు మధ్యాన్నానికి మద్రాసు మీదుగా వస్తాది." లేవి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఈ ఎండలకు పల్లెలో కరెంటు యాడుండాది? ఐస్ పెట్టె తెచ్చినా పనిజెయ్యదు. ఇన్ని ఊర్లలో ఏసీతో చల్లగుండేది ఈ గది ఒకటే, దాన్ని ఇంకా చల్లగా తిప్పిపెట్టినా. మా తమ్ముని కొడుకులు మోసుకొచ్చి పెట్టి పోయినారు. ఆరేండ్లకొచ్చే బిడ్డకు అమ్మ మొగం అమ్మ మొగం మాదిరి ఉండాల గదా సార్."

జ్ఞానేశ్వర్ సెల్‌ఫోన్ వెలుగు లోపలికి వేశాడు. ఆమె తల దగ్గర ఆకుల సంచి, దాని పక్కన పాత ఫోన్ ఒకటి.

"అప్పుడప్పుడు రాత్రిళ్ళు ఈ తలుపు తెరిచేది..." అన్నాడు మెల్లగా.

"ఆయమ్మే సార్. పల్లెలో సిగ్నలు రాదు, ఈడికొస్తే వస్తాది. యజమానోళ్ళు పండుకున్నంక పాప ఫోన్ చేసేది. బయట జనరేటర్ మోతకు మాట ఇనపడదని లోపల కూసునేది. మీ బండి లైటు కనపడితే తాళమేసి గుడిసెలో దూరేవాళ్ళం. నా కొలువు పోతాదని భయం సార్... మీకు చెప్పుకోలేదు."

అదీ మా దెయ్యం. కూతురి ఫోన్ కోసం ఆకు నములుతూ కూర్చున్న తల్లి. బసవన్నకు జ్వరం తెప్పించిన తెల్లచీర ఆవిడదే. తర్వాత ఈ మాట విన్నప్పుడు మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఇప్పుడు వాడికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. గదిలో బయటివాళ్ళుంటే ఆఫీసుకు చెప్పి తీరాలి. చెబితే కడప నుంచి సెక్యూరిటీ జీపు వస్తుంది, శవాన్ని ఆ వేడిలో బయట పడేస్తారు, లేవి కొలువు పోతుంది. చెప్పకపోతే, తెలిసిన రోజు పోయేది తన కొలువు. గద్దె, నాన్న, అన్నీ కళ్ళ ముందు మెదిలాయట.

కానీ వాడు ఆ వేళ్ళకు కట్టిన గుడ్డపీలిక వైపు చూశాడు. చూసి, "ఏసీ చెడింది, రేపు బాగుచేస్తా" అని ఆఫీసుకు మెసేజ్ కొట్టాడు. మావాడు మంచివాడు. ఈ ముక్క నేను వాడి మొహాన ఎప్పుడూ అనలేదు.

ముసలాయన మనసాగక రాత్రి మళ్ళీ తలుపు తెరిస్తే? అందుకని తలుపు అయస్కాంతం ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. చట్రం నుంచి వచ్చే రెండు తీగలూ కలిపి మెలిపెట్టి టేపు చుట్టాడు. ఫోన్‌కు "డోర్ క్లోజ్డ్" అని వచ్చింది. ఇక తలుపు మొత్తం పీకి పక్కన పెట్టినా హైదరాబాదుకు మూసి ఉన్నట్టే లెక్క. తాళం వేశాడు. తన తాళంచెవితో పాటు లేవి దగ్గరున్నదీ తీసుకున్నాడు. "రేపు పాప వచ్చే వేళకు నేనే తెచ్చి తీస్తా" అని చెప్పి బండి ఎక్కాడు.

గుట్ట దిగి కల్వర్టు దాకా వచ్చాడు.

ఫోన్ మోగింది.

"ఎర్రబోడు, డోర్ ఓపెన్."

బండి ఆపాడు. పాత మెసేజ్ ఆలస్యంగా వచ్చిందేమో అనుకుని టైము చూశాడు. కాదు... ఇప్పటిదే. జేబు తడిమాడు. అయస్కాంతం ఉంది. రెండు తాళంచెవులూ ఉన్నాయి.

చుట్టూ పురుగు కూత కూడా లేదు. ఇంతలో ఫోన్ చేతిలోనే మోగితే కింద పారేసినంత పని చేశాడు. హైదరాబాదు కంట్రోల్ రూములో డ్యూటీ చేసే యామిని.

"ఎర్రబోడులో డోర్ ఓపెన్ అయ్యే ఉందండి. మీరు అక్కడ ఉన్నారా? లేకపోతే సెక్యూరిటీని పంపిస్తాను."

ఇంటి దారి ముందు ఉంది. గుట్ట వెనక ఉంది.

"నేనిక్కడే ఉన్నానండీ" అన్నాడు. "సెన్సర్ పోయింది. అది మూసుకునేదాకా కదలను. ఎవరినీ పంపొద్దు."

బండి వెనక్కి తిప్పాడు.

పైన తాళం వేసినది వేసినట్టే ఉంది. లేవి తలుపుకు ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నాడు.

"తలుపు తెరిచినావా లేవన్నా?"

"తాళంచెవులు మీకాడనే ఉండాయి గదా సార్."

జ్ఞానేశ్వర్ మెసేజ్ సంగతి చెప్పాడు. లేవి భయపడలేదు. ఆకాశం వైపు ఒకసారి చూసి, తనలో తాను లెక్క వేసుకున్నాడు.

"పాప ఫోన్ చేసే ఏళయింది సార్" అన్నాడు. "ఈ పొద్దు ఫోన్ రాదు, పాప విమానంలో ఉండాదని... ఆయమ్మకు తెల్దు గదా. తలుపు తెర్చుకోని చూస్తాండాదేమో."

జ్ఞానేశ్వర్ బండి వైపు ఒకసారి చూశాడు. అయినా వెళ్ళిపోలేదు. తాళం తీసి తీగలు చూసుకోవచ్చు, కానీ చల్లదనం పోతుంది. ముసలాయన పక్కనే గోనెపట్ట మీద కూర్చున్నాడు. ఎదురుగా తాళం వేసిన తలుపు. చేతిలో, ఆ తలుపు తెరిచే ఉందని పదే పదే గుర్తుచేసే ఫోన్. యామిని అడిగినప్పుడల్లా "ఇక్కడే ఉన్నా" అన్నాడు. శ్మశానం పక్కన హారన్ కొట్టేవాడు! తెల్లవారుజామున లేచి, జనరేటర్ ఆగిపోకుండా డీజిల్ పోశాడు.

తెల్లారింది. డ్యూటీ దిగిపోయే వేళా దాటింది. వాడు దిగలేదు. "డోర్ ఓపెన్" మెసేజూ మారలేదు.

మధ్యాహ్నం ఎండలో గుట్ట కింద తెల్లకారు ఆగింది. కృపమణి చెప్పులు చేతబట్టుకుని రాళ్ళ మీద పరిగెత్తుకుంటూ ఎక్కింది. విమానంలో ఇచ్చిన దుప్పటి భుజం మీద అలాగే ఉంది. నాన్నను చూసి ఏడవలేదు. "అమ్మ యాడ?" అని మాత్రం అడిగింది.

జ్ఞానేశ్వర్ తాళం తీశాడు. లేవి తలుపును గోడ దాకా తోశాడు. గదిలోని చలి అంతా వాళ్ళ కాళ్ళ మీదుగా ఎండలోకి పోయింది. సువార్తమ్మ మొహం నిద్రపోతున్నట్టే ఉంది.

"మా..." అంది కృపమణి, గడప దాటి లోపలికి పోయి, ఆ చల్లటి చెంప మీద చెంప పెట్టి. "నేనే మా. వచ్చినా."

జ్ఞానేశ్వర్ చేతిలో ఫోన్ మోగింది.

"ఎర్రబోడు, డోర్ క్లోజ్డ్."

వాడు రెండుసార్లు చదువుకున్నాడు. తల ఎత్తి చూశాడు. తలుపు బార్లా తెరిచే ఉంది.