పన్ను తియ్యి

నేతశాలలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. అలాగని నోరు మూసుకుని కూర్చునే రకమా లాంకషైర్ ఆడవాళ్ళు? గొంతు పెగలకుండా ఉత్త పెదవులతో మాట్లాడుకోవడం నేర్చేశారు. అత్తల మీద చాడీలు, మొగుళ్ళ తాగుడు, రాత్రి వంట... అన్నీ పెదవుల మీదే నడిచిపోయేవి.

నెల్లీ హావర్త్ ఆ విద్యలో ఆరితేరింది. కానీ ఆ చలికాలం ఆమెకు కబుర్లు రుచించడం లేదు. మొగుడు ఏమస్ ఆచూకీ లేకుండా పోయాడు.

నేతగత్తెలు మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె కంతలోంచి పోగును నోటితో పీల్చి లాగాలి. రోజంతా అదే పని. నూలు దుమ్మూ నూనే నోట్లోకి పోయి ముందు పళ్ళు పుచ్చిపోతాయి. పెళ్ళాం పంటి బాధ చూడలేకే ఏమస్ నోరు పెట్టక్కర్లేని నాడె కనిపెట్టాడు. దానికి సరిపడే మగ్గం చేసిపెట్టినవాడు సిలాస్ గ్రిమ్‌షా, పొరుగూరి నుంచి వచ్చి శాల మరమ్మతు కొట్టుకు మేస్త్రీ అయినవాడు. తీరా పని పూర్తయ్యేసరికి ఏమస్ లేడు. ఎవతెనో వెంటేసుకుని బెల్జియం పోయాడన్నాడు సిలాస్. మగ్గానికి బిగించిన ఇత్తడి పలక మీద సిలాస్ పేరొక్కటే ఉంది.

నెల్లీ ఆ మాట నమ్మలేదు. కాదనడానికి మాత్రం చేతిలో ఏముంది? మొగుడు నిజంగా తనను వదిలేసి పోయాడా, వీడే ఏమన్నా చేశాడా? అదొక్కటి తేలేదాకా ఆమెకు తిండి సహించదు, నిద్ర పట్టదు.

"మీ ఆయన నాడె కదా, నువ్వే ఆడించు," అన్నాడు సిలాస్ ఇకిలిస్తూ. వాణ్ణి కనిపెట్టి ఉండొచ్చని నెల్లీ ఒప్పుకుంది.

మొదటి రోజు పొద్దున్న బయట మంచు దట్టంగా పట్టింది. లోపల గ్యాసు దీపాలు వెలుగుతున్నాయి. శాలంతా నూనె కంపు. కొత్త మగ్గం దగ్గర మాత్రం తడి మట్టి వాసన. నెల్లీ తలెత్తేసరికి ఎదుటి మగ్గం మీద బెట్సీ పెదవులు కదిలాయి.

పన్ను తియ్యి.

టీ తాగేవేళ నెల్లీ దాన్ని నిలదీసింది. "నా పన్ను మీద పడ్డావేమే?"

"నీ పుచ్చు పన్ను ఎవడిక్కావాలే తల్లీ! నేను నోరే విప్పలేదు."

అబద్ధం. కళ్ళారా చూసింది కదా! నిన్న ఇదే బెట్సీ సిలాస్‌తో నవ్వుతూ గుమ్మంలో నిలబడింది. ఇద్దరూ కూడబలుక్కుని తనను ఏడిపిస్తున్నారేమో. అయినా పన్ను సలుపు పడలేక, ఆ సాయంత్రమే పళ్ళు పీకే మంగలి దగ్గరికి పోయి పీకించేసుకుంది. పీడ వదిలిందనుకుంది.

మర్నాడు ముసలి హెస్టర్ పెదవులు కదిలాయి. పన్ను తియ్యి. ఆ పక్కన డోరా. ఆ పక్కన ఇంకొకతె... వరస వరసంతా. ఒక్కరూ నెల్లీ వైపు చూడటం లేదు. అందరి కళ్ళూ బట్ట మీదే. పెదవులు మాత్రం ఒక్క మారే కలుస్తున్నాయి, ఒక్క మారే విడుతున్నాయి.

కాళ్ళ కింద... పన్ను తియ్యి... కాళ్ళ కింద...

నెల్లీ నాలుక ఖాళీ చిగురును తడిమింది. తీయడానికి పన్నేదీ? కాళ్ళ కింద పన్నేమిటి?

అప్పుడు వెలిగింది. గొంతు లేకపోతే 'పాట'కూ 'మాట'కూ తేడా ఎక్కడుంది? పెదవులు ఒక్కలాగే కలుస్తాయి.

పన్ను కాదు. మన్ను.

కిందికి చూసింది. శాల అంతా అరిగిన పాత బండలు. ఈ మగ్గం కింద ఒక్కటే కొత్తది.

చెయ్యి దానంతటదే పిడి లాగేసింది. మగ్గం ఆగింది. సిలాస్ పరుగున వచ్చి చెవిలో ఏదో అరిచాడు. అంతలో భోజనాల వేళై ఆవిరి యంత్రం ఆగిపోయింది. మగ్గాలను తిప్పే తోలు పట్టాలు నిలిచాయి. శాల మొత్తం నిశ్శబ్దం...

"ఈ బండ కింద ఏముంది?" నెల్లీ గొంతు తగ్గించి అడిగింది.

"ఏముంటుంది? మతి గాని పోయిందా నీ..."

మాట మధ్యలో గొంతు ఆగిపోయింది. పెదవులు ఆగలేదు.

పెదవుల మాటలను కోతిచేష్టలని వెక్కిరించేవాడు సిలాస్. ఒక్క ముక్క రాదు వాడికి. ఇప్పుడు పుట్టు నేతగాడిలా మాట్లాడుతున్నాడు. రెండు చేతులా దవడ పట్టుకున్నాడు. కళ్ళు భయంతో బయటికొచ్చేస్తున్నాయి. పెదవులు తాపీగా కదులుతున్నాయి.

నేనే, నెల్లీ. చలిగా ఉంది.

"ఏమస్... ఏమస్ మాట తీరే," అంది హెస్టర్ గుసగుసగా. బెట్సీ కెవ్వుమంది.

మగవాళ్ళు గునపాలు తెచ్చి బండ లేపారు. మన్ను తీశారు. ఏమస్ అక్కడే ఉన్నాడు. నెల్లీ పక్కన కూలబడి పొగిలి పొగిలి ఏడ్చింది. నన్ను వదిలిపోలేదు, నా మొగుడు నన్ను వదిలిపోలేదు... అంత దుఃఖంలోనూ ఆ మాటే ఆమెను నిలబెట్టింది.

పోలీసులు సిలాస్‌ను ఈడ్చుకుపోతుంటే అందరూ మొహాలు తిప్పుకున్నారు. వాడి పెదవులు ఇంకా కదులుతున్నాయి మరి. నెల్లీ ఒక్కతే చూసింది. గుమ్మం దగ్గర వాడు వెనక్కి తిరిగి, ఆమెకేసి ఒకే ఒక్క మాట అన్నాడు.

'పోతాం' అన్నాడా? వీణ్ణి నాతో పట్టుకుపోతున్నా, ఇక సెలవు అనా? లేక తననూ రమ్మని 'పోదాం' అన్నాడా? పెదవుల మీద ఆ రెండూ ఒక్కటే.

బెట్సీ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి లేవదీసింది. మొహంలోకి చూసి గబుక్కున చెయ్యి తీసేసింది.

"ఎక్కడికే?" అంది వెనక్కి జరుగుతూ.

"ఏమిటి ఎక్కడికి?"

"ఇప్పుడే అన్నావుగా... వస్తున్నా, వస్తున్నా అని."

నెల్లీ నోరే విప్పలేదు.