అమ్మ మానేసిన మాట

ఉదయం పూట ఆ ఇంట్లో మొదట వినిపించేది కత్తెర చప్పుడు. వంటింటి గట్టు దగ్గర నిలబడి ఇంటాయన మందుల రేకుల్ని కత్తిరించి, మాత్రలు అరచేతిలోకి రాల్చుకుని, తెల్లకాగితంలో పొట్లాలు కట్టేవాడు. ఒక్కోదాని మీద 'పొద్దున', 'మధ్యాహ్నం', 'రాత్రి' అని రాసేవాడు. ఖాళీ రేకుల్ని బిస్కెట్ల డబ్బాలో వేసి, మూత గట్టిగా నొక్కి, షాపుకి పట్టుకుపోయి అక్కడ పారేసేవాడు.

వీధి చివర ఆయనకు మందుల షాపుంది. ఎవరికి ఏ మందిచ్చినా పొట్లం కట్టి, ఎలా వేసుకోవాలో గుండ్రటి అక్షరాలతో రాసివ్వడం ఆయన పద్ధతి. అందుకే వీధంతా ఆయన్ని పొట్లాలాయన అంటారు. ఆ పద్ధతే ఇప్పుడు ఇంట్లో అక్కరకొచ్చింది. రేకుల మీది పేర్లు భార్య కంటపడకూడదు. రక్తం తక్కువైందనీ, ఇవి బలానికి వాడే మాత్రలనీ ఆమెకు చెప్పారు. జబ్బు కాలేయం దాకా పాకిందనీ, ఇక కోతకూ మందుకూ లొంగదనీ, ఈ మాత్రలు నొప్పి తెలియకుండా ఉండటానికేననీ ఆయనకూ పిల్లలిద్దరికీ మాత్రమే తెలుసు. దాచమన్నది ఆయనే. "మీ అమ్మకి తెలిస్తే ఆ రోజే సగం ప్రాణం పోతుందిరా" అని ఆస్పత్రి వరండాలో కొడుకు చేతులు పట్టుకున్నాడు. కొడుకు అదే ఆస్పత్రిలో చిన్న డాక్టరు. కాదనలేకపోయాడు.

"ఏమండీ, ఇంకా ఎంతసేపు? టీ చల్లారిపోతోంది." ముందుగదిలోంచి ఆమె పిలిచింది.

"వస్తున్నా. రాణీగారి మందులు కదా, ముద్ర వేయకుండా ఎలా పంపిస్తాం?"

"ముద్ర సంగతి సరే, రాణీగారి నోరంతా చేదు."

ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. వీధిలోని ఆడవాళ్ల బట్టలు సగం ఆ మిషను మీదే తయారయ్యాయి. ఇప్పుడు తొక్కే ఓపిక లేదు. ఒళ్లో గుడ్డ పరుచుకుని చేత్తోనే కుడుతోంది. కిటికీలోంచి వచ్చిన ఎండ సరిగ్గా ఆమె పాదాల మీద పడింది. ఆ పాదాలు ఎప్పుడూ చల్లగానే ఉంటున్నాయి. ఎండకు ఆ దారి ఎవరు చూపించారో గానీ వాళ్లు చల్లగా ఉండాలనుకున్నాడాయన.

"మీ వంటింటి కిటికీకి ఈ పరదా పల్చనైపోయింది. లోపల ఇంకో గుడ్డ వేసి కుడుతున్నా. ఎండాకాలం వచ్చేసరికి మీకు హాయిగా ఉంటుంది" అంది.

"భేషుగ్గా ఉంటుంది" అన్నాడాయన, పొట్లం చేతికిస్తూ.

టీ కప్పులు తీస్తున్న కూతురు చటుక్కున ఆగి తల్లి మొహంలోకి చూసింది. కప్పులు లోపలికి పట్టుకుపోయింది.

తల్లి స్నానానికి వెళ్లాక కొడుకు వచ్చాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుర్చీలో కూలబడి చెల్లెలి వైపు తిరిగాడు.

"నర్సింగ్ కాలేజీలో సీటొచ్చిందటగా కవయిత్రిగారికి? సోమవారం నుంచే తరగతులట. నాకు ఆస్పత్రిలో వాళ్లూ వీళ్లూ చెప్తే తెలిసింది."

"నీకు చెప్దామంటే ఇంట్లో ఉంటేగా" అంది చెల్లెలు.

"మూడేళ్లు కథలూ కవిత్వాలూ చదివి ఇప్పుడు నర్సింగా? ఆ చేరేదేదో అప్పుడే చేరితే ఈపాటికి చేతికి అందొచ్చేదానివి. అమ్మకి ఇంజెక్షనైనా నువ్వే ఇచ్చేదానివి."

ఆ చివరి మాట తండ్రికి గుచ్చుకుంది. ఎందుకంటే ఆయన మనసులోనూ అదే ఉంది. కూతురు సాహిత్యంలో చేరతానన్నప్పుడు, 'ముందు మనుషుల గురించి చదువుకుంటాను నాన్నా, జబ్బుల గురించి తర్వాత' అంది. సైన్సంటే భయపడి చెప్పే సాకు అనుకున్నాడు. అయినా సరేనన్నాడు. అవతల భార్య ప్రాణదీపం కొండెక్కుతుంటే ఆ మూడేళ్లూ దండగ చేసినట్టే అనిపిస్తోంది.

"అన్నయ్య అన్నదాంట్లో తప్పేముందమ్మా?" అన్నాడు.

కూతురు గుమ్మం అవతలికి చెవి పెట్టింది. స్నానాలగదిలో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఉన్నంతసేపే ఇంట్లో వాళ్లు గొంతెత్తి మాట్లాడుకోగలరు.

"నాన్నా, అమ్మకి తెలుసు."

"ఏం తెలుసు?"

"అంతా తెలుసు."

కొడుకు లేచి నిలబడ్డాడు. "నువ్వు చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను? అమ్మే మనకి చెప్తోంది. రోజూ చెప్తోంది. అమ్మ 'మనం' అనడం మానేసింది, గమనించావా? 'మీ వంటిల్లు, మీ కిటికీ, మీకు హాయిగా ఉంటుంది.' మొన్న నాతో, 'మీరు ఈ ఎండాకాలం గోడలకి సున్నం వేయించుకోండి' అంది. నన్ను పుట్టినప్పట్నుంచీ నువ్వు అనే మనిషి, మీరు అంటే ఎవర్ని అన్నట్టు? మనందర్నీ. తనొక్కతే బయట నిలబడి, మనందర్నీ."

కొడుకు నవ్వాడు. ఆ నవ్వులో నిద్రలేమి ఉంది, భయమూ ఉంది. "వ్యాకరణంతో రోగనిర్ధారణ! రేపట్నుంచి స్కానింగులు మానేసి సంధులూ సమాసాలూ చూస్తాం."

"ఒక వాక్యం చూస్తే, ఇందులో ఎవర్ని కలుపుకున్నారు, ఎవర్ని వదిలేశారు అని అడగమనేవారు కాలేజీలో మా మేడమ్. మూడేళ్లూ నాకు అదే నేర్పారు. ఇంకేం రాదు నాకు. అమ్మ తనని తనే వదిలేసుకుంటోంది అన్నయ్యా. ఒక్కతే. పక్కన ముగ్గురం ఉండి కూడా."

"చాలు!" తండ్రి అరచేత్తో బల్ల మీద కొట్టాడు. మాత్రల పొట్లం ఎగిరి పడింది. ఆ ఇంట్లో ఆయన గొంతు అంతలా లేవడం పిల్లలు ఎరగరు. "నీ పుస్తకాల పైత్యం అమ్మ మీద రుద్దకు. ఆవిడ నన్ను పెళ్లయిన రోజు నుంచీ మీరనే అంటుంది. అందులో నీకేం కనబడిందే?"

నీళ్ల చప్పుడు ఆగిపోయింది. ముగ్గురూ నోళ్లు మూసుకున్నారు.

"అందుకే మీకు వినబడలేదు నాన్నా" అంది కూతురు, పెదవులు కదిలీ కదలకుండా. "నేనేం చెప్పను అమ్మకి. మీరు ఒక్కపూట వినండి. అంతే."

ఆ రోజు ఆయన షాపు తెరవలేదు. ఒంట్లో నలతగా ఉందని చెప్పి ఇంట్లోనే కూర్చున్నాడు. వినకూడదనే అనుకున్నాడు. కానీ చెవిలో పడ్డ మాట ఊరుకోనిస్తుందా?

"పక్కింటావిడ బట్ట ఇచ్చి రెండు వారాలైంది. దానికి కూడా నా చేతులు ఆడట్లేదు. మీరు తిరిగి ఇచ్చేయండి ఆవిడకి" అంది భార్య. అది మామూలు మాటే. "అటక మీద దుప్పట్లు బూజు పడతాయి, మీరు అప్పుడప్పుడూ ఎండలో వేసుకోండి" అంది. అదీ మామూలు మాటే. "పెద్దాడికి సంబంధం చూసేటప్పుడు గట్టిగా నవ్వే పిల్లని చూడండి. మీ ఇంట్లో నవ్వే మనిషి ఒకరుండాలి" అంది.

ఈసారి ఆయన విన్నాడు. మీ ఇంట్లో.

పరీక్ష చేసి చూద్దామన్నట్టు, గొంతు సవరించుకుని అడిగాడు. "ఏమోయ్, వచ్చే ఏడు మనం సముద్రం చూడటానికి వెళ్దామా? ఎప్పట్నుంచో అంటున్నావుగా."

ఆమె సూది కాసేపు ఆగింది. తర్వాత తలెత్తకుండానే అంది, "వెళ్లండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. చిన్నదానికి నీళ్లంటే ఇష్టం."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లాడు. గట్టు పట్టుకుని నిలబడ్డాడు. తను మందులు దాచాడు, రేకులు దాచాడు, కన్నీళ్లు దాచాడు. అన్నాళ్లూ ఆమె పక్కనే కూర్చుని ఈ ఇంట్లోంచి ఒక్కో సామానూ సర్దుకుంటున్నట్టు, ఒక్కో వాక్యంలోంచి తనను తాను తీసేసుకుంటోంది. తోడుగా ఒక్కరూ లేరు. దాచడం దయ అనుకున్నాడు. ఆ దయలో ఆమెను ఒంటరిని చేశాడు.

మర్నాడు ఉదయం కత్తెర చప్పుడు వినిపించలేదు. మందుల రేకుల్ని ఉన్నవి ఉన్నట్టే పళ్లెంలో పెట్టుకుని ఆయన ముందుగదిలోకి వచ్చాడు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కూతురు గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఇవీ నువ్వు వేసుకునే మందులు" అన్నాడు. పళ్లెం ఆమె ముందుకు జరిపాడు.

ఆమె రేకుల వైపు చూడలేదు. ఆయన చేతుల వైపు చూసింది.

"తెలుసండీ. ఇన్నేళ్లుగా మీ పొట్లాలు చూస్తున్నా. జ్వరానికి కట్టినా, దగ్గుకి కట్టినా మీ అక్షరం గుండ్రంగా ఉంటుంది. నా పొట్లాల మీద 'రాత్రి' అన్న మాట వంకర్లు పోతుంటే, నాకు రక్తం తక్కువైతే మీకింత వణుకా అనుకున్నాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరు ఈ రాణీగారి వేళాకోళాలు కూడా మానేస్తారని. నాకిక మిగిలింది అవేగా."

ఆయన ఆమె ఒళ్లో ఉన్న పరదా గుడ్డలో మొహం దాచుకున్నాడు. ఇన్ని నెలలుగా దాచిన ఏడుపంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. ఆమె కూడా ఏడ్చింది. భయంగా ఉందండీ, అంది. నొప్పికి కాదు, రాత్రిళ్లు మీరంతా పడుకున్నాక భయంగా ఉంటుంది, అంది. ఆ మాట ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరూ విననిది.

డ్యూటీ నుంచి వచ్చిన కొడుకు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయాడు. రోగుల బంధువులతో రోజూ మాట్లాడే మనిషి. ఇప్పుడు చెల్లెలి భుజం పట్టుకుని చిన్నపిల్లాడిలా అడిగాడు.

"ఏం మాట్లాడాలే అమ్మతో? నాకేం తోచట్లేదు."

"నాకూ తెలీదన్నయ్యా. ఏ పుస్తకంలోనూ లేదు. వెళ్లి పక్కన కూర్చో."

అతను వెళ్లి కూర్చున్నాడు. తల్లి మణికట్టు పట్టుకున్నాడు.

"నాడి చూస్తున్నావా డాక్టరుగారూ?" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

"లేదమ్మా. ఊరికే."

"అయితే పట్టుకో." ఒళ్లోని గుడ్డ చూసింది. "ఈ అంచు నావల్ల అయ్యేట్టు లేదు. తలా ఒక వైపు పట్టుకోండి. మనం పూర్తిచేసేద్దాం."

కూతురు గుమ్మం లోంచి కదిలి వచ్చి సూదిలో దారం ఎక్కించింది. మూడుసార్లు తప్పింది. ఎవరూ తొందరపెట్టలేదు.

జబ్బు మాత్రం ఎవరి మాటా వినలేదు. పరదా వంటింటి కిటికీకి ఎక్కింది గానీ, ఎండాకాలం దాకా ఆమె ఆగలేదు. చివరి వారాల్లో భయమేసినప్పుడల్లా భయమని పైకే చెప్పేది, ఎవరో ఒకరు మేలుకుని ఉండేవారు. ఆఖరి రోజు ఆస్పత్రిలో ఒక నర్సు, ఆమెను ముట్టుకునే ముందు తన అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చబెట్టుకుంది. ఆయన అది చూశాడు. పక్కనే నిలబడ్డ కూతురు కూడా చూసింది. అంతకన్నా మేలు ఆ రోజు ఇంకేం జరగలేదు.

తల్లి దగ్గర ఉండటానికి ఆపేసిన నర్సింగ్ చదువుకు కూతురు మళ్లీ బయలుదేరిన రోజు, ఆయన తెల్లవారకముందే లేచి టీ పెట్టాడు. తెల్లటి యూనిఫాం మీద ముడతలు సవరించుకుంటూ కూతురు వంటింట్లోకి వచ్చింది. కిటికీకి మందపాటి పరదా. అంచు ఒకచోట తిన్నగా, ఒకచోట నలుగురి చేతులూ పడి వంకరగా.

"బస్సుకి టైమైంది నాన్నా. నేను వెళ్లొస్తా."

"పాలు తేవాలి సాయంత్రం వచ్చేటప్పుడు" అన్నాడాయన, గిన్నెలోకి తొంగిచూస్తూ. "ఇవి మన నలుగురికీ చాలవు."

అన్నాక విన్నాడు, తను అన్న మాట.

కూతురు కూడా విన్నది. మాటల్లో ఎవరున్నారో, ఎవరు లేరో లెక్క చూడటం నేర్చుకున్న పిల్ల. తండ్రి వైపు చూసింది. సరిదిద్దలేదు.

"తెస్తా నాన్నా" అంది. "మనకి సరిపోయేన్ని తెస్తా."