కాలువ బంగ్లాలో లెక్క

బోధన్ నుంచి రెంజల్ వెళ్లే బాటలో, కాలువ మలుపున ఉన్న పాత బంగ్లాకు ఆ రోజుల్లో మంచి పేరు లేదు. మెరుపు మెరిస్తే లోపల ఎవరో లెక్కపెడతారనీ, ఆ లెక్క ఎంత దగ్గర ఆగితే విన్నవాడికి ఇక అన్నేళ్లే ఆయుష్షనీ చెప్పుకునేవారు.

అరవై మూడులోనో, నాలుగులోనో... ఒక చైత్రమాసపు మునిమాపు వేళ భోజన్న ఫ్యాక్టరీలో చెరుకు దించి, ఖాళీ బండితో ఆ మలుపుకు వచ్చాడు. ప్రాణమంతా ఇంటి వెనక కళ్లంలోనే ఉంది. ఉడకబెట్టిన పసుపు, ఏడాది పంట మొత్తం, అక్కడ ఆరుతోంది. తడిస్తే రంగు చెడుతుంది, కొనేవాడుండడు. పడమట మబ్బు పట్టింది. గోదావరి అవతలికి మళ్లుతుందిలే అని తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నాడు.

తళుక్కున మెరిసింది.

బంగ్లా చీకట్లోంచి గుసగుస — "ఒకటి... రెండు... మూడు..."

ఎద్దులు నిలిచిపోయాయి. లెక్క నలభై ఒకటి దగ్గర ఆగింది. దూరంగా ఉరిమింది.

భోజన్నకు ముప్పై అయిదు. కూడితే డెబ్బై ఆరు — తాత బతికినదానికన్నా నాలుగేళ్లు ఎక్కువే. కాస్త కుదుటపడ్డాడు.

తోక మెలిపెట్టినా, బతిమాలినా ఎద్దులు కదలలేదు. కాసేపటికి మళ్లీ మెరుపు... ఈసారి ముప్పై! నిలుచున్నచోటే పదకొండేళ్లు పోయాయి.

మూడో మెరుపుకు — ఇరవై రెండు.

భోజన్న బండి దిగాడు. తలపాగా విప్పి చేతబట్టుకుని గుమ్మానికి మొక్కాడు. "తప్పైంది... నా ఏండ్లు నాకియ్యి."

తలుపు కిర్రుమంది. లాంతరు... దాని వెనక తెల్లటి గడ్డం...

"ఏండ్లేంది భోజన్నా?"

వాన కొలిచే ఇనాయత్! బంగ్లా పెరట్లోని వానగరాటును చూసుకునే కాలువ నౌకరు.

"మెరుపుకు, ఉరుముకు నడుమ లెక్కపెడుతున్న. పదికి ఒక కోసు. లెక్క తగ్గుతున్నదంటే మబ్బు మన మీదికే వస్తున్నది. గాలి సల్లవడ్డది, రాళ్లు గూడ పడతయ్. నీ పసుపు కళ్లంలనే ఉన్నదా?"

భోజన్న అప్పటికే బండెక్కాడు. మనిషి గొంతు విని ఎద్దులూ కదిలాయి. వెనకనుంచి ఇనాయత్ గొంతు తగ్గించి అన్నాడు: "దయ్యం కాదని ఎవలకు చెప్పకు. పోయినేడు గరాటును గాసునూనె పొయ్యనీకి ఎత్కపోయిండ్రు. భయం వట్టినంకనే ముడుతలేరు."

బండి ఇల్లు చేరగానే భార్య నాగవ్వా, వాడకట్టువాళ్లూ తలా ఒక గంప అందుకున్నారు. చివరి గంప గడప దాటిందో లేదో, పెంకుల మీద వడగళ్లు టపటపమన్నాయి.

వాన సంగతి ముందే ఎలా తెలిసిందని మర్నాడు ఊరంతా అడిగితే భోజన్న గంభీరంగా చెప్పాడు: "దయ్యమే. చెవులార విన్న. గని ఏండ్లు గాదు, వాన లెక్కపెడుతది. లెక్క తగ్గిందంటే పసుపు ఎత్తుకోవాలె."

ఆ ఏటినుంచి మబ్బు పట్టినప్పుడల్లా ఎవరో ఒకరు మలుపుదాకా వెళ్లి వినివచ్చేవారు. వాళ్ల అడుగుల చప్పుడు వినగానే, గంప చంకనబెట్టుకుని ముసలి రాములవ్వ గుమ్మంలోంచి అడిగేది:

"దయ్యం ఎంతల ఉన్నది బిడ్డా?"