ఐదో అంతస్తు పాస్

"ఈ పిల్లర్‌లో ఎనిమిది ఊచలుండాలి. నాలుగే ఉన్నాయి!" అంది డాక్టర్ సుభాషిణి, పేదలకు ప్రభుత్వం కట్టించిన నవజ్యోతి కాలనీ సి బ్లాకు కింది అంతస్తులో మెషీన్ ఆనించి.

ఆ మెషీన్ ఆమె పదకొండేళ్ల కష్టం. గోడ పగలగొట్టక్కర్లేదు. అది కాంక్రీటులోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. లోపల ఉక్కు ఉంటే ఆ క్షేత్రం వంగుతుంది. ఆ వంపును సెన్సర్ కొలిచి, ఎన్ని ఊచలున్నాయో, ఎంత లావో తెర మీద గీసి చూపిస్తుంది.

నాలుగో అంతస్తు దాకా అదే తీరు. ఐదో అంతస్తులో మాత్రం ఎనిమిదికి ఎనిమిది ఊచలూ ఉన్నాయి! ఆమెకు ఒళ్లు మండిపోయింది.

కింది అంతస్తులో ఉంటున్న ఎర్రన్న తల దించుకున్నాడు. ఈ బిల్డింగుకి ఊచలు కట్టింది అతనే.

"ఇంజనీరుగారు ఫోటో తీసుకుని కారెక్కగానే, కాంక్రీటు పోయకముందే కాంట్రాక్టర్ సగం ఊచలు విప్పించి పైకి మోయించేవాడమ్మా. పై అంతస్తులో మళ్లీ అవే చూపించాలి కదా. ఐదో దానికి పైన ఇంకేం లేదు. అన్నీ అక్కడే పెట్టేశాం. ఈ ఇల్లు నాకే ఇస్తారని అప్పుడు తెలీదు."

"వేరేవాళ్ల పిల్లలు చచ్చినా పర్లేదనుకున్నావా? సిగ్గు లేదూ!"



బ్లాకు కూలిపోతుందని, నలభై కుటుంబాలనీ వెంటనే ఖాళీ చేయించమని ఆమె రిపోర్టు ఇచ్చింది. వారంలో ఆర్డర్ వచ్చింది. అది చదివి హౌసింగ్ ఆఫీసుకు పరుగెత్తింది.

"అందర్నీ ఐదో అంతస్తుకి మార్చడమేంటి? బుద్ధుందా మీకు?"

"ఫారంలో అంతస్తుకో గడి ఉంది మేడమ్," అన్నాడు అధికారి తాపీగా. "కింది నాలుగూ ఫెయిల్, ఐదోది పాస్. పాసైన దాంట్లోకి మార్చాం."

"ఐదోది గాల్లో వేలాడుతోందా? కింద కూలితే అదెక్కడ నిలబడుతుందయ్యా?"

"దానికి గడి లేదు మేడమ్. మీ మెషీన్ చెప్పిందే రాశాం."

ఛీ! ఈ మనుషుల కోసమా పదకొండేళ్లు ధారపోసింది?

ఆమె కాలనీకి వచ్చేసరికి కింది తలుపులకు సీళ్లు పడిపోయాయి. మంచాలు, బీరువాలు, గ్యాస్ బండలు, నలభై ఇళ్ల సామాను మెట్లెక్కుతోంది.

"దిగండి! చచ్చిపోతారు!" అని గొంతు చించుకుంది. ఎవరూ ఆగలేదు.

ఎర్రన్న వాళ్లమ్మను వీపున ఎక్కించుకుని వస్తున్నాడు. సుభాషిణిని చూసి మెట్ల మీద ఆగాడు.

"భయం లేదమ్మా," అన్నాడు కళ్లనీళ్లతో. "పైన ఊచలు ఒక్కటీ విప్పలేదు. నా చేత్తోనే కట్టాను. మీ మెషీనే మమ్మల్ని బతికించింది."