పుట్టుమచ్చ కింద

లాకర్ ఖాళీగా ఉంది.

సోమవారం ఉదయం 9:20. తలుపు తీసింది యాంటెన్నా ఆపరేటర్. పక్కనే నిలబడింది మేడమ్. ఆ అంతరిక్ష కేంద్రంలో ఫోటోల విభాగానికి ఆవిడే అధిపతి. లాకర్లో ఉండాల్సిన డిస్క్ లేదు. ఆవిడ చేతిలో మాత్రం ఆ రోజు పేపరుంది.

మొదటి పేజీలో ఫోటో. దూరపు పెద్ద గ్రహం చుట్టూ తిరిగే, మంచు కప్పేసిన ఒక చందమామ. దాని అంచు నుంచి నీటి ఆవిరి పైకి చిమ్ముతోంది. మంచు కింద సముద్రం ఉందనడానికి తొలి సాక్ష్యం. తమ సొంత నౌకతో పోటీ సంస్థ కనిపెట్టిందని కింద రాసి ఉంది.

నిజానికి ఆ ఫోటో తీసింది మేడమ్ వాళ్లు పంపిన నౌక. దాన్ని తయారు చేయడానికి పదేళ్లు. ఆ పెద్ద గ్రహం దాకా వెళ్లడానికి తొమ్మిదేళ్లు. వండింది ఒకరు, విస్తరి ముందు కూర్చున్నది ఇంకొకరు.

10:05కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పొట్టి మనిషి. ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చోవడం అలవాటు. ఆకాశం గురించి ఆయనకు తెలిసిందల్లా వానొస్తుందా రాదా అన్నంతవరకే.

డైరెక్టర్ ఆయనకు కుర్చీ కూడా చూపించలేదు.

"ఇందులో వెతకడానికేముంది? డిస్క్‌లోకి ఫోటోలు ఎక్కించింది ఆపరేటర్. లాకర్లో పెట్టింది ఆపరేటర్. సస్పెన్షన్ ఆర్డర్ టైపయిపోయింది. సాయంత్రం ఐదింటికి సంతకం పెడతాను. ఈలోగా ఇంకేమైనా దొరికితే చెప్పండి."

ఆపరేటర్‌ని అందరూ గొడుగు తాత అంటారు. తిరగేసిన గొడుగులాంటి యాంటెన్నాని ఆకాశం వైపు తిప్పడమే ఆయన పని. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. రిటైర్మెంట్‌కి ఇంకా నాలుగు నెలలే.

"లాకర్ చివరిసారి ఎప్పుడు చూశారు?"

"శుక్రవారం సాయంత్రం 6:40కి. డిస్క్ ఉంది. నేనే తాళం వేశాను."

"తాళంచెవులెన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి మేడమ్ దగ్గర."

"డిస్క్‌లో ఏముంది?"

"ఆ చందమామ ఫోటోలు పన్నెండిట్లో ఏడు నుంచి పన్నెండు దాకా. మూడు వారాల కింద మన యాంటెన్నాకి దిగాయి. అసలు ప్రతి లాకర్లో పెట్టాం, కాపీ మేడమ్ కంప్యూటర్‌కి పంపాం."

"ఒకటి నుంచి ఆరు దాకా?"

"ఆ పూట మన యాంటెన్నా రిపేరులో ఉంది సార్. వేరే ఊరి కేంద్రం పట్టుకుని నేరుగా మేడమ్ కంప్యూటర్‌కి పంపింది. నేను కంటితో కూడా చూడలేదు."

"పేపర్లో పడింది ఎన్నోది?"

"ఏడోదట. మేడమే అన్నారు." తాత ఒకడుగు ముందుకేశాడు. "నేను దొంగనా సార్? ముప్పై ఒక్క ఏళ్లు పెద్దాయన్ని, పిల్లల్ని వెతికి పట్టుకున్నాను."

"పిల్లలెవరు?"

"పెద్దాయనంటే ఆ గ్రహం. పిల్లలంటే దాని చుట్టూ తిరిగే చందమామలు. నా సొంత పిల్లలు కూడా ఇంత కచ్చితంగా టైముకి కనబడరు సార్."

ఇన్‌స్పెక్టర్‌కి నవ్వొచ్చింది, జాలీ వేసింది.

ఆయన బుర్రలో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. ఫోటో కావాలంటే కాపీ చేసుకుంటే సరిపోతుంది. డిస్క్ ఎత్తుకెళ్లడం దేనికి?

1:15. వరండా గోడ నిండా ఫోటోలు. నౌక పంపినవి పంపినట్టే ఫ్రేము కట్టించారు. ప్రతిదాంట్లోనూ ఎడమ పక్క పైన ఒకే చోట నల్లచుక్క. ఈగ వాలిందనుకుని ఆయన చేతిరుమాలుతో తుడిచాడు. పోలేదు.

"అది పోదు సార్." వెనక ఎవరో నవ్వారు.

మేడమ్ తమ్ముడు. ఆవిడ విభాగంలోనే పని చేస్తాడు.

"కెమెరా పుట్టుమచ్చ అంటాం మేం. ప్రయోగం నాటి కుదుపుకి లోపల ధూళికణం ఒకటి సెన్సర్‌కి అతుక్కుంది. అప్పట్నుంచి ప్రతి ఫోటోలోనూ అక్కడే కూర్చుంటుంది."

"మీరేం చేస్తుంటారు?"

"మబ్బులు కొలుస్తాను. పెద్ద గ్రహం మీద తుపానులు, గాలులు, పొగమంచు. ముందు టెలిస్కోపుతో, తర్వాత నౌకతో, పదహారేళ్లుగా అదే పని. పేపరువాళ్లకి మాత్రం చందమామలే కావాలి." మళ్లీ నవ్వాడు. ఆ నవ్వులో పస లేదు. "వస్తాను సార్. అక్కకి రోజూ లేటవుతుంది, పని త్వరగా ముగించుకుని సాయంత్రం ఇంట్లో వంట నేనే చూడాలి."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పేపరు తీశాడు. గోడ మీది ఫోటో పక్కన పెట్టి చూశాడు.

పేపర్లో మచ్చ లేదు.

2:40. మేడమ్ గది. బల్ల మీద కాగితాల దొంతర, చల్లారిపోయిన టీ.

"మేడమ్, మీ లాకర్ తాళంచెవి?"

"ఇంటి తాళాల గుత్తిలో ఉంటుంది. గుమ్మం పక్క మేకుకి వేలాడుతుంటుంది."

"మీ కంప్యూటర్ ఎవరెవరు తెరవగలరు?"

"నేను. తమ్ముడు."

"ఫోటోలో మచ్చ ఎలా పోగొడతారు?"

ఆయన రెండు అద్దాలూ తుడవడం పూర్తయ్యాక ఆవిడ చల్లారిన టీ పక్కకి జరిపింది.

"సాఫ్ట్‌వేర్ ఉంది. మచ్చ చుట్టూ ఉన్న రంగు చూసి మధ్యలో పూడ్చేస్తుంది. నిమిషం పని. ఎవరైనా అదే వాడతారు."

"మీరో?"

"వాడను. ఊహతో పూడిస్తే అది ఫోటో కాదు, పుకారు. నౌక కదులుతూ ఉంటుంది కదా. ఏడో ఫోటోలో మచ్చ కింద దాగిన నేల, ఆరో ఫోటోలో మచ్చకి పక్కన పడుతుంది; ఎనిమిదో ఫోటోకల్లా అది చీకట్లోకి పోయింది. ఆ ముక్కని అక్కణ్నుంచి తెచ్చి, వాలు సరిచేసి అతకాలి. ఒక్కో ఫోటోకి నాలుగు గంటలు."

"ఇలా చేసేవాళ్లు ఎంతమంది?"

"నేను చేస్తాను," అని ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది.

4:30. డైరెక్టర్‌ని, మేడమ్‌ని, తమ్ముణ్ని, తాతని ఇన్‌స్పెక్టర్ డైరెక్టర్ గదిలో కూర్చోబెట్టాడు. ఆర్డర్ బల్ల మీదే ఉంది. తాత దాని వంక చూడకుండా ఉండాలని తంటాలు పడుతున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఒక పెద్ద ప్రింటు పరిచాడు. పోటీ సంస్థ వెబ్‌సైట్ నుంచి తీసింది.

"మచ్చ ఉండాల్సిన చోటు ఇది. ఏముందో చూడండి."

"సన్న చీలిక," అన్నాడు డైరెక్టర్. "అయితే?"

"సాఫ్ట్‌వేర్‌తో పూడిస్తే అక్కడ నున్నగా ఉండాలి. చీలిక ఊహకి అందదు. దాన్ని ఆరో ఫోటోలోంచి తెచ్చారు. ఆరో ఫోటో డిస్క్‌లో లేదు. ఈ తాతగారు దాన్ని చూడనే లేదు. అంటే ఫోటో బయటికి పోయింది డిస్క్‌లోంచి కాదు, మేడమ్ కంప్యూటర్‌లోంచి."

"మరి డిస్క్?"

"అది పోతేనే కదా అనుమానం ఈయన మీద పడేది! గుమ్మం పక్క మేకు నుంచి తాళంచెవి తీసింది అందుకే." కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "నాలుగు గంటలు కూర్చుని ముక్క అతికే ఓపిక ఈ కేంద్రంలో ఇద్దరికే ఉంది. ఒకరు మేడమ్. రెండోవారు ఆవిడ దగ్గర నేర్చుకుని, ఆవిడ కంప్యూటర్ తెరవగలిగి, ఆవిడ ఇంట్లోనే ఉంటున్నవారు."

అందరి కళ్లూ తమ్ముడి మీద పడ్డాయి.

"డిస్క్ ఎక్కడ?"

"నా డెస్క్ కింది సొరుగులో," అన్నాడతను. బుకాయించలేదు.

"సాఫ్ట్‌వేర్‌తో పూడ్చేసి ఉంటే మిమ్మల్ని పట్టుకోలేకపోయేవాణ్ని. ఎందుకు పూడ్చలేదు?"

"చేతులు రాలేదు," అన్నాడు తమ్ముడు.

మేడమ్ కళ్లు మూసుకుంది.

ఉన్నట్టుండి అతను అక్క వైపు తిరిగాడు. "వాళ్లు నాకు సొంత విభాగం ఇస్తామన్నారు. ఇక్కడ నన్నెవరు గుర్తుపడతారక్కా? మేడమ్ గారి తమ్ముడు. క్యాంటీన్‌లోనూ అంతే, జీతం కాగితం ఇచ్చేటప్పుడూ అంతే. పదహారేళ్లు మబ్బులు కొలిచాను. ఒక్కసారైనా నా పేరు ముందొచ్చిందా?"

ఆవిడ సంచిలోంచి కాగితాల కట్ట తీసి అతని ముందు పెట్టింది. ఆవిరి మీద రాసిన పరిశోధన పత్రం. ఆ సాయంత్రమే పత్రికకు పంపాల్సింది. పైన రెండు పేర్లున్నాయి. మొదటిది తమ్ముడిది.

"వెనకాల పెద్ద గ్రహం పొగమంచు వెలుగు ఎంతో నువ్వు కొలవబట్టే ఆవిరిని విడదీయగలిగాను. నీ లెక్క లేకపోతే నాకు కనబడేదే కాదు. ఈ రోజు చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నా."

తమ్ముడు ఆ కాగితాన్ని ముట్టుకోలేకపోయాడు. పెంచిన చేతిని కరిచానని అతనికి అప్పుడు తెలిసింది.

డైరెక్టర్ ఆర్డర్‌ని నాలుగు ముక్కలు చేశాడు.

"మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. "పొద్దున పేపరు చూడగానే మీకు తెలిసిపోయింది కదా?"

"చీలిక చూడగానే తెలిసింది. అది వాడి చెయ్యి. వాడికి ఎనిమిదేళ్లప్పుడు అమ్మ పోయింది, నేనే పెంచాను. వాడి అతుకు నాకు తెలియదా?" ఆవిడ ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. "మీరు ఇంకెవరి పేరైనా చెబుతారేమోనని సాయంత్రం దాకా ఎదురుచూశాను."

అని తాత వైపు తిరిగి చేతులు జోడించింది. "మీ మీద నింద పడుతుంటే నోరు మూసుకున్నాను. నాదీ తప్పే."

తాత గోడ గడియారం చూశాడు. "పెద్దాయన పైకొచ్చే వేళయింది మేడమ్. యాంటెన్నా తిప్పాలి," అని లేచి వెళ్లిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. గుమ్మం దగ్గర అతను ఆగాడు.

"నా పేరు కొట్టేస్తావా అక్కా?"

"కొట్టేయను. మబ్బుల లెక్క నీదే. లేదంటే అది అబద్ధమవుతుంది." ఆవిడ చెయ్యి చాపింది. "ఇంటి తాళంచెవి మాత్రం ఇచ్చి వెళ్లు."