లిఫ్టు పక్కన తెర

మా భవనం కింది అంతస్తులో, లిఫ్టు ద్వారానికి కుడిపక్క గోడమీద ఒక పెద్ద తెర ఉండేది. నీళ్ల ట్యాంకు శుభ్రం చేసే రోజు, వాహనాలు నిలుపవలసిన చోటు, సంఘం సమావేశం వంటి ప్రకటనలు ఒకదాని వెంట ఒకటి దానిమీద వచ్చి పోతుండేవి. చివరిది పూర్తికాగానే మళ్లీ మొదటిది వచ్చేది. వాటిని తయారు చేసినవాడిని నేనే. కళాశాలలో తెలుగు బోధించి పదవీ విరమణ చేసినవానికి ఈ పని ఏమిటని అడిగినవారున్నారు.

ఆ పని అప్పగించినవాడు నా బావమరిది, అంటే నా భార్యకు తమ్ముడు. భవన సంఘానికి అతడే కార్యదర్శి. కాపురం పై అంతస్తులో. భార్య పోయిన తరువాత నేను ఇల్లు కదలడం మానుకున్నాను. ఒక ఉదయం అతడు వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"బావగారూ, కింద తెరమీద తెలుగు చూశారా? చెత్త వేసేవాళ్లు శిక్షార్హులని రాయమంటే, శిక్షణార్హులని రాశారు. ఎక్కడ చేరాలి, ఫీజెంత అని జనం నన్ను పీక్కుతింటున్నారు."

చాలా రోజుల తరువాత ఆనాడు నవ్వాను. ఒక్క అక్షరం చొరబడితే మాట ఎంత తలకిందులవుతుందో జీవితమంతా పిల్లలకు చెప్పినవాడిని. ఒప్పుకున్నాను. నన్ను తిరిగి మనుషుల్లోకి లాగడానికే అతడు ఈ పని కల్పించాడని గ్రహించి, పైకి చెప్పకపోయినా లోలోపల కృతజ్ఞుడినయ్యాను.

ఉపన్యాసాలకు అందరూ వాడే మామూలు ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేరుతోనే ఈ పని జరుగుతుంది. అతని కూతురు, నా మేనకోడలు, దగ్గర కూర్చుని నేర్పింది. పుట కొలతను తెరకు సరిపడా మార్చడం, అక్షరాలు పెద్దవి చేయడం, ఒక్కొక్క స్లైడు ఎంతసేపు నిలవాలో నిర్ణయించడం, ఆగకుండా తిరిగేలా అమర్చడం.

"మావయ్యా, ఇది కూర్చుని చదివేది కాదు, నడుస్తూ చదివేది. మీ సమాసాలు పూర్తయ్యేలోపు లిఫ్టు వచ్చి వెళ్లిపోతుంది," అనేది.

ఫొటోల విషయంలో మరొక మాట చెప్పింది. "అక్కర్లేనిది క్రాప్ చేస్తే కనబడదు గానీ, పోదు మావయ్యా. అక్కడే దాక్కుని ఉంటుంది. లాగితే మళ్లీ వస్తుంది."

నా భార్య పోయినది గత వానాకాలంలో. ఆ రోజు నేను పొరుగూరి సభలో ఉన్నాను. బజారు నుంచి వచ్చి, లిఫ్టు ఎదుటి కుర్చీలో కూర్చుని, మంచినీళ్లయినా అడగకుండా తల వాల్చేసిందని బావమరిది చెప్పాడు. తాను పక్కనే ఉన్నానన్నాడు. "అక్కయ్య ఏ బాధా పడలేదు బావగారూ." ఆ ఒక్క మాటను తలకింద పెట్టుకునే నేను ఇన్నాళ్లూ నిద్రపోయాను.

పెళ్లయిన నాటి నుంచి ఆమె నన్ను "ఏమండీ" అనే పిలిచింది. ఆ చివరి అక్షరాన్ని కొంచెం సాగదీసేది. ఇంటికి వస్తే గంట నొక్కే అలవాటు లేదు. గోటితో తలుపు గీరేది. నాకు అది చిరాకు. ఆమెకు అది సరదా.

ఈ మధ్య లిఫ్టు నడుమ నడుమ ఆగుతున్నదని ఫిర్యాదులు వచ్చాయి. బావమరిది ఒక స్లైడు తెచ్చాడు. లిఫ్టు తలుపుల ఫొటో అప్పటికే అందులో ఉన్నది.

"బొమ్మ నేనే పెట్టేశాను. తనిఖీ అయిపోయిందని రెండు ముక్కలు రాయండి. మీ పేరు మీద వస్తే జనం నమ్ముతారు."

"లిఫ్టు తనిఖీ పూర్తయినది. నిర్భయంగా వాడుకొనగలరు" అని రాశాను.

మరునాడు కింద దుకాణం పెట్టుకున్న దర్జీ నన్ను ఆపాడు.

"మాస్టారూ, నిన్న మీ టీవీలో ఏమండీ అని పడింది. అలవాటు కొద్దీ 'ఆఁ, వస్తున్నా' అనేశాను. మా ఆవిడ పక్కనే ఉంది. పరువు పోయింది."

"ఎవరింటాయన్ని పిలుస్తోందో తేలక, మగాళ్లంతా తలెత్తి చూసుకుంటూ పోతున్నారండి," అన్నాడు కాపలాదారు.

వారు నవ్వారు. నేను మేడెక్కి ఫైలు తెరిచి, స్లైడ్లన్నీ ఒక్కొక్కటిగా చూశాను. అటువంటిది ఏదీ లేదు. దాచిన స్లైడు కూడా లేదు. ఎవరో ఆకతాయి పని అనుకున్నాను. మధ్యాహ్నం కిందికి వెళ్లి తెర ఎదుట నిలబడ్డాను. నీళ్ల ట్యాంకు వచ్చి పోయింది. వాహనాలు వచ్చి పోయాయి. లిఫ్టు ప్రకటన వచ్చింది.

దాని వెంటనే తెర నల్లబడింది. నడుమ తెల్లని అక్షరాలు.

ఏమండీ…

చివరి అక్షరం మీది గుడి దీర్ఘం మామూలుకంటె పొడవుగా, కుడివైపుకు సాగి ఉన్నది. అటువంటి అక్షరం నా దగ్గరున్న ఏ ఫాంటులోనూ లేదు.

లిఫ్టు స్లైడు తీసివేశాను. పిలుపు రాలేదు. తిరిగి పెట్టాను. వచ్చింది. ఈసారి కింద మరొక వరుస ఉన్నది.

ఏమండీ… తలుపు తీయండి.

గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. తడిసిన గోడల వాసన. కిటికీ అవతల వాన. ఆ స్లైడు మళ్లీ తెరిచి, చేయడానికి మరేమీ తోచక, ఫొటోమీద నొక్కాను. మూలల్లో నల్లని గుర్తులు కనబడ్డాయి. క్రాప్ చేసిన ఫొటో అది. కింది అంచు పట్టుకుని మెల్లగా లాగాను.

తలుపుల లోపలివైపు. నడుము ఎత్తున ఉక్కు మీద గీతలు. దగ్గర దగ్గరగా, ఒకదానిమీద ఒకటి…

ఇంకొంచెం లాగాను. లిఫ్టు నేల. బోర్లాపడిన గుడ్డసంచి. దాని పక్కన ఒక చెప్పు. తెగిన పట్టీని నీలం దారంతో కుట్టుకున్న చెప్పు. ఆ దారం సూదికి ఎక్కించి ఇచ్చినవాడిని నేను.

ఫొటో ఇంకా కిందికి ఉన్నది. నేను లాగలేదు.

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా నేను లిఫ్టు ఎదుట కాచుకుని ఉన్నాను. బావమరిది కిందికి దిగి వచ్చాడు. వానకు జనమంతా ఇళ్లలోనే ఉన్నారు. తెర తన పని తాను చేస్తున్నది.

"మీ అక్కయ్య ప్రాణం ఎక్కడ పోయింది?" అని అడిగాను.

"అదేం ప్రశ్న బావగారూ? కుర్చీలో… చెప్పాను కదా."

"ఆమె చెప్పు లిఫ్టులో ఎందుకున్నది?"

అతడు కుర్చీని పట్టుకున్నాడు.

"కరెంటు పోయింది. రెండంతస్తుల మధ్య ఆగింది. మెకానిక్కుకి ఫోన్ చేశాను… వానలో రాలేనన్నాడు. వచ్చేస్తుందిలే కరెంటు, అనుకున్నాను. ఆ ఫొటో కంపెనీకి పంపడానికి తీశాను. అందులో అవన్నీ కనబడకుండా కత్తిరించేశాననుకున్నా."

"తలుపు తెరిచే తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది కదా."

"తీస్తే జనం పోగవుతారు. ఏళ్లుగా తనిఖీ లేదని బయటపడుతుంది. కార్యదర్శిని నేను… కాసేపే కదా అనుకున్నాను బావగారూ, కాసేపే. తీసేసరికి ఊపిరి లేదు, కుర్చీలో నేనే కూర్చోబెట్టాను."

"ఆమె పిలిచిందా?"

"…పిలిచింది."

"ఎవరిని?"

అతడు తెరవైపు చూశాడు. "మిమ్మల్ని."



"ఇప్పుడైనా తనిఖీ చేయించావా?"

లేదని తల ఊపాడు. నా చేత రాయించాడు. ఆమెను మింగిన తలుపు మీద, నిర్భయంగా వాడుకొనగలరని, నా చేతనే రాయించాడు. ఓదార్పు అనుకున్నదంతా నన్ను కాపలా కాయడమేనని అప్పుడు తెలిసింది.

"తాళంచెవి ఇలా ఇవ్వు. రేపటి నుంచి ఈ లిఫ్టు నడవదు."

"తీసుకోండి!" కుర్చీలోకి విసిరాడు. "రోజూ ఎక్కుతున్నాను, నాకేమైంది? మీ ముందే ఎక్కుతాను, చూడండి." లోపలికి వెళ్లాడు. తలుపులు మూసుకున్నాయి.

లిఫ్టు కదిలింది.

దీపాలు పోయాయి.

పైన ఎక్కడో లిఫ్టు కుదుపుతో ఆగిన చప్పుడు. తెర కూడా ఆరిపోయింది. "బావగారూ!" అని కేక. తలుపులమీద గుద్దులు. నేను చీకట్లో తడుముకుంటూ తాళంచెవి అందుకున్నాను.

అప్పుడు తెర వెలిగింది. భవనంలో కరెంటు లేదు. తెర మాత్రం వెలిగింది.

ఏమండీ… తలుపు తీయకండి.

ఒక్క అక్షరం. నడుమ ఒక్క 'క'.

పైన గుద్దులు ఆగిపోయాయి. కేకలూ ఆగిపోయాయి. ఆ తరువాత… గీరుతున్న చప్పుడు. మెల్లగా. గోటితో.

తమ్ముడిని ఆమె క్షమించలేదని అర్థం చేసుకున్నాను. అది ఆమె హక్కు అని కూడా అనుకున్నాను. కాని మనిషిని లోపల వదిలి నిలబడితే అతనికీ నాకూ తేడా ఏమిటి? మెట్లెక్కి, తాళంచెవి తిప్పి, రెండు చేతులా తలుపులు లాగాను.

లిఫ్టు నేల నా మోకాళ్ల ఎత్తున ఉన్నది. అతడు మూలన కూలబడి ఉన్నాడు, తల ఎడమ భుజం మీదికి వాలి. వేళ్ల చివర్లు నెత్తురు. పోయాడనుకున్నాను.

తల ఎత్తాడు.

"ఏమండీ…" అన్నాడు.

చివరి అక్షరం కొంచెం సాగింది.

"ఎంత పిలిచినా పలకరేం?"

భయం వల్ల కలిగిన మతిభ్రమణమని వైద్యుడు తేల్చాడు. మేనకోడలు తండ్రిని వేరే ఊరికి తీసుకువెళ్లింది. లిఫ్టుకు తాళం పడింది. తెరను నేనే గోడమీద నుంచి దింపించాను. ప్రకటనలు ఇప్పుడు కాగితంమీద రాసి అంటిస్తున్నారు. తప్పులు ఉంటున్నాయి. దిద్దడం లేదు.

చీకటి పడే వేళకు నా తలుపు దగ్గర చప్పుడవుతుంది. గంట మోగదు. గీరుతున్న చప్పుడు. ఆపైన పిలుపు… ఒకనాడు అతని గొంతులా, ఒకనాడు ఆమె గొంతులా.

"ఏమండీ… తలుపు తీయండి."

తెర చెప్పినది లిఫ్టు తలుపు గురించేనని ఆనాడు అనుకున్నాను. ఏ తలుపో అందులో రాసి లేదు. ఇప్పుడు నేను తీయడం లేదు. కుర్చీలో కూర్చుని, అది ఆగేవరకు తలుపునే చూస్తూ ఉంటాను.

ఈ ఉదయం, వెలుతురు బాగా వచ్చిన తరువాత, గడియ తీసి తలుపు బయటివైపు పరీక్షగా చూశాను. రంగు కొత్తగా, నున్నగా ఉన్నది. ఒక్క గీత లేదు.

తిరిగి లోపలికి వచ్చి తలుపు వేశాను. అప్పుడు కనబడ్డాయి. నడుము ఎత్తున, దగ్గర దగ్గరగా, ఒకదానిమీద ఒకటి.

గీతలు లోపలివైపు ఉన్నాయి.