బానెట్ మీద నాలుగున్నర వేళ్లు

ఆదివారం పొద్దున సాగర్ వాకిట్లోకి వచ్చేసరికి కారు బానెట్ మీద మళ్లీ చెయ్యి అచ్చు ఉంది. రాత్రి మంచుకు పట్టిన సన్నటి దుమ్ములో అరచెయ్యి, వేళ్లు ఎవరో గీసిపెట్టినట్టు కనబడుతున్నాయి. చిటికెన వేలు మాత్రం సగమే. సగం చిటికెన వేలున్న మనిషి ఆ ఇంట్లోనే కాదు, కోరుట్లలోనే ఒక్కడు. సాగర్ తండ్రి మొగిలి.

మామూలు రోజైతే సాగర్ గొణుక్కుని ఊరుకునేవాడు. కానీ ఆ రోజు సిరిసిల్లలో చెల్లెలు రమ గృహప్రవేశం. తొమ్మిది గంటలకల్లా అందరూ కారులో బయలుదేరాలి. రమ అత్తవారు, వాళ్ల చుట్టాలు అందరూ గేటు దగ్గర నిలబడి చూస్తారు. సెకండ్‌హ్యాండ్ కారే అయినా అద్దంలా మెరవాలని అతని పట్టుదల.

ఆ పట్టుదల ఎంతదో ముందుగది అల్మారా చూస్తే తెలుస్తుంది. కారుకు ఉన్న చక్రాలు నాలుగు. దాన్ని కడిగే సీసాలు ఇరవై. నురుగు వచ్చేది ఒకటి, నీటి మరకలు పోగొట్టేది ఒకటి, టైర్లు నల్లగా నిగనిగలాడించేది ఒకటి, సీట్లకు ఒకటి, డ్యాష్‌బోర్డుకు మరొకటి. ఫోన్‌లో వీడియో చూసినప్పుడల్లా ఒకటి తెప్పించేవాడు. అయిదు లీటర్ల డబ్బాల్లో వచ్చినవైతే తాగునీళ్ల సీసాల్లోకి పోసి పెట్టేవాడు. పేర్లు రాసి అతికిద్దాం అనుకుంటూనే మూడు నెలలు గడిచాయి. ఇంట్లో వాడే కారుకు మూడు నాలుగు చాలవా అని భార్య భాగ్య రెండుసార్లు అడిగి, నీకు తెల్వదు అనిపించుకుని ఊరుకుంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అనలేదు పెద్దలు. సీసాలు పెరిగేకొద్దీ కారు కడగడం గంట నుంచి మూడు గంటలకు పెరిగింది, మెరుపు మాత్రం తగ్గుతూ వచ్చింది.

ఎండ బానెట్ మీద పడగానే అసలు సంగతి బయటపడింది. సన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. భుజం మీది తువ్వాలతో కారు తుడవొద్దని సాగర్ తండ్రికి ఇంతకుముందే చెప్పాడు. ఆ చెయ్యి అచ్చు, ఈ గీతలు. ఇంకెవరు?

మొగిలి అరుగు మీద కూర్చుని కొత్త ధోవతి మడతలు సరిచేసుకుంటున్నాడు. నలభై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. ఎనిమిదేళ్ల కింద చెట్టు మీది నుంచి పడి కుడికాలు కుంటిదైన దగ్గర్నుంచి చెట్టెక్కే మోకు, ముత్తాదు అటక మీదికెక్కాయి. కొడుకు కారులో ముందుసీట్లో కూర్చుని వెళ్లి, బిడ్డ వాకిట్లో దిగాలని రెండు నెలల నుంచి ఒకటే ఆశ. ఎవరితోనూ అనలేదు గానీ, ధోవతి ఇస్త్రీ చేయించినప్పుడే అందరికీ తెలిసిపోయింది.

"బాపు, కారు తుడవొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పిన?"

"తుడువలే."

"మరి గా చెయ్యి ఎవరిది?"

మొగిలి కొడుకు వైపు ఓసారి చూసి తల దించుకున్నాడు. "చెయ్యి నాదే. తుడువలే" అన్నాడు.

తుడవనప్పుడు చెయ్యి ఎందుకు పెట్టావని సాగర్ అడిగాడు. మొగిలి చెప్పలేదు. మళ్లీ అడిగాడు. అప్పుడూ చెప్పలేదు. ఆ మౌనమే సాగర్‌కు ఒప్పుకోలులా తోచింది. నోటికి వచ్చిన మాట ఆగలేదు.

"గీసుడుకు గిది తాటిచెట్టు కాదు బాపు!"

లోపల బీడీలు చుడుతున్న తల్లి లచ్చవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది. పొయ్యి దగ్గరి నుంచి భాగ్య వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏ పనితో తనను పెంచాడో, అదే పనిని తండ్రి మొహాన కొట్టానని సాగర్‌కు ఆ క్షణమే తెలిసింది. తెలిసినా మాట వెనక్కి రాదు కదా.

మొగిలి కోపగించుకోలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. లోపలికి వెళ్లి చేతిసంచి తెచ్చుకున్నాడు.

"మీరు కార్ల పోండ్రి. నేను బస్సుల వస్త. జగిత్యాలల దిగితే సిరిసిల్ల బస్సు దొరుకుతది."

భాగ్య వద్దు మామా అంది. లచ్చవ్వ, కొడుకును ఏమనాలో తెలియక, మొగుడిని ఆపడానికి తోచిన ఉపాయం చేసింది. తెల్లవారుజామున కల్లు గీసే మైసయ్య ఇచ్చిపోయిన కల్లు కిటికీలో ఉంది, తాతకు ఒక గ్లాసు పోసివ్వమని మనవరాలు ప్రీతికి చెప్పింది. గ్లాసు ఖాళీ అయ్యేలోపు మనసు మెత్తబడుతుందని ఆమె లెక్క.

ఏడేళ్ల ప్రీతి గ్లాసు నింపి తెచ్చింది. తాత తాగేముందు పైన నురుగు వేలితో తీసుకుని నాకడం దానికి అలవాటు. ఆ పూటా వేలు చాచింది.

మొగిలి ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఎండలోకి వంచి చూశాడు.

"నురుగు లేదు" అన్నాడు మెల్లగా. "సాగర్, గిదేంది?"

సాగర్ పరుగున వచ్చాడు. చిక్కటి తెల్లటి నీళ్లు. సీట్లకు పూసే పాలిష్. కిటికీలో కల్లు సీసా, పక్కన అల్మారాలో పాలిష్ సీసా, రెండూ ఒకే రకం, రెండింటి మీదా పేరు లేదు. కల్లుగీసిన ఇంట్లో సీసాలో తెల్లగా ఉన్నది కల్లు కాకుండా ఇంకేమవుతుంది? పిల్ల తప్పేం చేసింది?

భాగ్య బిడ్డను ఎత్తుకుని వేళ్లు వాసన చూసింది, నోరు తెరిపించి చూసింది. ఏమీ అంటుకోలేదు. సాగర్ అరుగు మీద కూలబడ్డాడు. ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే అన్న ఆలోచన అతన్ని వదలలేదు.

గ్లాసులోంచి కొంచెం ఒలికింది. మొగిలి దండెం మీద ఆరేసిన కారు గుడ్డ తీసుకుని తుడవబోయి ఆగాడు. గుడ్డను బొటనవేలితో రుద్ది చూశాడు.

"దీంట్ల ఇసుక ఉన్నది. దీంతోనే చక్రాలు తుడుస్తున్నవా?"

"ఆ."

"దీంతోనే పైన గూడ?"

సాగర్ బానెట్ మీది గీతల వైపు చూశాడు.

"సీసాలు ఇరవై తెచ్చినవ్ కొడుకా. గుడ్డ మాత్రం ఒక్కటే" అన్నాడు మొగిలి. "కల్లు పట్టే లొట్టి మూతి తుడిచే గుడ్డతోని నేను ఏనాడూ లొట్టి అడుగు తుడువలే."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. గుడ్డను కొడుకు చేతిలో పెట్టి, సంచి భుజానికి తగిలించుకుని, కుంటుకుంటూ గేటు దాటాడు. ఆటో కనబడితే చెయ్యెత్తాడు.

సాగర్ ఆ గుడ్డనే చూస్తూ కూర్చున్నాడు. భాగ్య అల్మారాలోని సీసాలన్నీ తట్టలోకి దింపింది. పేరు లేనివన్నీ ఒక పక్కకు పెట్టింది. ఏది దేనికో చెప్పమంది. సగం వాటిని సాగరే గుర్తుపట్టలేకపోయాడు. చివరికి కంపెనీ చీటీ ఉన్నవాటిలో అవసరమైనవి నాలుగు మిగిలాయి: కడగడానికి షాంపూ, అద్దాలకు ఒకటి, లోపలికి ఒకటి, నెలకోసారి పూసే మైనం. మిగతావి పొద్దుపోయాక కార్లు కడిగే షాపతనికి ఇచ్చేద్దాం అనుకున్నారు. ఆ నాలుగు కూడా పిల్లకు అందని అటక మీదికి చేరాయి. పాత చీర చింపి, ఎర్రది చక్రాలకు, పచ్చది అద్దాలకు పక్కన పెట్టింది భాగ్య. బానెట్‌కు మెత్తటి కొత్త గుడ్డ తీసింది. ఇంత చిన్న పనికి మూడు నెలలు, ఒక ముసలివాడి మనసు ఖర్చయ్యాయి.

సాగర్ కొత్త గుడ్డ తడిపి బానెట్ దగ్గరికి వెళ్లాడు.

"గా చెయ్యి తుడువకు" అంది లచ్చవ్వ వెనక నుంచి.

సాగర్ ఆగాడు.

"మీ బాపు చెట్టెక్కే ముందు ఏం జేసేటోడో యాదికి లేదా? చెట్టు మొదలుకు చెయ్యి పెట్టి కండ్లకద్దుకునేటోడు. వాన మబ్బు పట్టిందని ఒక్కనాడు మొక్కకుంట ఎక్కిండు. గా దినమే పడ్డడు." ఆమె బానెట్ దగ్గరికి వచ్చింది. "నువ్వు రోజు కార్ల జగిత్యాల తొవ్వ ఎక్కుతవు గద. నువ్వు లేవకముందే వచ్చి కారుకు మొక్కుతుండు. చెప్తే నవ్వుతవని చెప్పలే."

సాగర్ ఆ నాలుగున్నర వేళ్లను చూస్తూ నిలబడ్డాడు. పెద్దవాడైన తరువాత ఎన్నడూ ఏడవనివాడు తడిగుడ్డను మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

కారు కడగలేదు. అలాగే దుమ్ముతో బస్టాండుకు తీశాడు. వెనకసీట్లో లచ్చవ్వ, భాగ్య, ప్రీతి. జగిత్యాల బస్సు ఇంకా రాలేదు. మొగిలి సిమెంటు బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, ధోవతి మడత నలగకుండా.

సాగర్ దిగి తండ్రి ముందు నిలబడ్డాడు.

"తప్పయింది బాపు. రా, పోదాం."

మొగిలి కారు వైపు చూశాడు. "కడుగలేదేంది? రమ అత్తగారోళ్లు చూస్తరు గద."

"చూడనియ్యి. రేపు ఇద్దరం కడుగుదాం. నువ్వు చెప్పు, నేను తుడుస్త."

మొగిలి లేచాడు. కారు ముందుకు రాగానే అలవాటుగా చెయ్యి చాచి, సగంలోనే ఆపి, దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా కొడుకు మొహం చూశాడు. సాగర్ ఆ చేతిని పట్టుకుని తనే బానెట్ మీద పెట్టాడు. పక్కన తన చెయ్యి కూడా పెట్టి కళ్లకద్దుకున్నాడు. తరువాత ముందు తలుపు తెరిచాడు.